కింది నల్లా సంగతి

లాల్‌దర్వాజా పాలోళ్ల పెంటయ్య పోలీసుల్లో చేరిన నాడు వాళ్ల నాయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఇంట్లో ఆరు బర్రెలు, వాటిని చూసుకోవడానికి ఒక్కగానొక్క కొడుకు. ఆ కొడుకు సర్కారు టోపీ పెట్టుకుని ఎవరి వాకిట్లోనో కాపలా ఉంటానంటే ఆయనకు మింగుడుపడలేదు.

"బర్రె తన్నినా పాలిస్తది. ఆఫీసరు తంతే ఏమిస్తడు బిడ్డా?" అని అడిగాడట.

మాటకు మాట అనే రకం కాదు పెంటయ్య. చేరాలనుకున్నాడు, చేరాడు. అయినా తెల్లారకముందే లేచి బర్రెలకు మేత వేసి, కుడితి గోలెం కడిగి, ఆ తర్వాతే ఖాకీ బట్టలు తొడుక్కునేవాడు. పెళ్లయ్యాక పాల పని భార్య బుచ్చమ్మ తన మీద వేసుకుంది. ఇంటి తరఫున మాట్లాడే పని కూడా ఆమే చేసేది. పెంటయ్య చూసేవాడు. ఏ ఇంట్లో దీపం ఎప్పుడు వెలుగుతుంది, ఎవరి కొడుకు ఏ దోవన పోయి ఏ దోవన వస్తాడు, ఎవరింట్లో అలిగి ఎవరు పొద్దున వాకిలి ఊడ్వలేదు, అన్నీ అతనికి తెలుసు. పోలీసు నాకాలో వాళ్ల పై అధికారి అమీన్ కరీముద్దీన్ సాబ్ నవ్వుతూ, "మన పెంటయ్యకు రోజూ రాసే రోజ్‌నామ్చా అక్కర్లేదు, కళ్లే చాలు" అనేవాడు.

అతను నౌకరీలో చేరిన పదేళ్లకు నిజాం రాజ్యం పోయింది. మిలిట్రీ వచ్చింది, ఆ వెనుక ఓట్లొచ్చాయి, మంత్రులొచ్చారు. పెద్ద సాబులు మారుతూనే ఉన్నారు. జవాన్లు నిలబడే చోటు మాత్రం మారలేదు. వరండా మెట్ల కిందే వాళ్ల జాగా. పదహారేళ్లలో ఏ పెద్ద సాబూ పెంటయ్యను పేరు పెట్టి పిలవలేదు. నడుముకు కట్టే పేటీ బిళ్ల మీది నంబరుతో పిలిచేవాళ్లు, లేకుంటే "ఏయ్ జవాన్" అనేవాళ్లు. దానికి అతనేమీ బాధపడేవాడు కాదు. లోకం అట్లాగే ఉంటుందనుకునేవాడు.

వెయ్యిన్ని తొమ్మిది వందల యాభై నాలుగు ఎండాకాలంలో గత్తర వచ్చింది.

డాక్టర్లు కలరా అన్నారు, అమీన్ సాబ్ హైజా అన్నాడు. లాల్‌దర్వాజా వాళ్లు మాత్రం గత్తర అనే అన్నారు, అది కూడా గొంతు తగ్గించి. పెంటయ్య ఇంటికి రెండు మలుపుల అవతల కుమ్మరి గల్లీ ఉంది. ఒక గురువారం పొద్దున ఆ గల్లీలో ఒక ఇంట్లో ఇద్దరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దుగూకేసరికి ఒకరు పోయారు. శుక్రవారం ఇంకో నాలుగిళ్లకు పాకింది. అంటురోగాల కోరంటి దవాఖానా బండి గల్లీ మొదట్లో ఆగితే తలుపులన్నీ మూసుకునేవి.

శనివారం డాక్టర్ వామన్‌రావు వచ్చాడు. సర్కారు తరఫున ఆ ఇలాకాలో రోగాన్ని అదుపు చేసే బాధ్యత ఆయనది. నలభై ఏళ్ల మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్లద్దాల వెనుక కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉండేవి. బొంబాయిలో చదివాడని, చేతి వాచీ చూసుకోకుండా రెండు మాటలు మాట్లాడడని చెప్పుకునేవాళ్లు. ఆయన గల్లీ అంతా తిరిగి, నడుమ ఉన్న పెద్దబావి దగ్గర ఆగాడు. లోపలికి తొంగి చూశాడు. నాచు పట్టిన రాళ్లు, తేలుతున్న ఆకులు కనిపించాయి.

"రోగమంతా ఇందులోనే ఉంది. మూసేయండి. అందరూ నల్లా నీళ్లే తాగాలి, అవీ కాచి" అన్నాడు.

బావి మీద పలకలు పరిచారు. తెల్లపొడి చల్లారు. పొద్దున నుంచి పొద్దుగూకే దాకా కాపలాకు పెంటయ్యను నిలబెట్టారు. టీకా వేసే శిబిరం గల్లీ చివరి బడిలో పెట్టారు.

ఆ గల్లీకి రెండు సర్కారీ నల్లాలుండేవి. గుడి రోడ్డు వైపున్న దాన్ని మీది నల్లా అనేవాళ్లు. పల్లంలో, మురికినీళ్ల మోరీ పక్కనున్నది కింది నల్లా. బావి సరిగ్గా రెండింటికీ నడుమ ఉంది. ఇన్నాళ్లూ సగం గల్లీ బావి నీళ్లే వాడేది. ఇప్పుడు అందరూ బిందెలు పట్టుకుని పెంటయ్య ముందు నుంచే ఇటో అటో పోవాల్సి వచ్చింది.

"పెంటన్నా, నువ్వు మనోడివి గద. ఒక్క బిందె తోడుకోనియ్యి" అని బతిమాలారు కొందరు.

"నా చేతుల లేదు. పోయి నల్లా కాడ పట్టుకో" అనేవాడు.

కొందరు తిట్టిపోయారు. ఎండకు నీడ లేదు. కాపలా మనిషికి తాగే నీళ్లెవరిస్తారన్న సంగతి హుకుం రాసినవాళ్లకు తట్టలేదు. బుచ్చమ్మ మధ్యాహ్నం కాచి చల్లార్చిన నీళ్లు కలిపిన మజ్జిగ తెచ్చి ఇచ్చి పోయేది. గాజులమ్మే కాశమ్మ ఒక్కతే నవ్వుతూ పలకరించేది. గంప నెత్తిన పెట్టుకుని బిందె చంకన పెట్టుకుని, "ఏం పెంటన్నా, బావి పారిపోతదనా గట్ల చూస్తున్నవ్?" అంటూ కింది నల్లా వైపు సాగిపోయేది.

నిలబడ్డవాడికి చూడటం తప్ప పని లేదు. పెంటయ్య చూశాడు.

బర్రెకు జబ్బు చేస్తే పాలోళ్లు ముందు దాని నోరు చూడరు, అది ఏ గోలెంలో తాగిందో చూస్తారు. పక్క గోలెంలో తాగిన బర్రె బాగానే ఉంటే ఈ గోలెం పారబోస్తారు. చిన్నప్పటి నుంచి పెంటయ్యకు అలవాటైన చూపు అది. ఆదివారం ఒక ఇంట్లో, సోమవారం మూడిళ్లలో గత్తర పడింది. దవాఖానా బండి ఏ వాకిట్లో ఆగిందో చూసి, ఆ ఇంటి ఆడవాళ్లు బిందె ఏ వైపు తీసుకుపోయేవాళ్లో గుర్తు చేసుకున్నాడు. అన్నీ కిందివైపే. మీది నల్లా వైపు పోయేవాళ్లలో ఒక్క సాయన్న ఇంట్లో మాత్రం గత్తర పడింది. అడిగితే సాయన్న భార్య చెప్పింది: "మీది నల్లా కాడ లైను మస్తుగుంటే రెండు దినాలు కిందికే పోయిన అన్నా."

పెంటయ్య జేబులో కాపలా సంగతులు రాసుకునే బీట్ పుస్తకం ఉండేది. బడిలో నేర్చిన ఉర్దూ కొంచెం వచ్చు. పెద్ద పెద్ద వంకర అక్షరాలతో ఇల్లు, నల్లా, ఎందరు పడ్డారు, ఏ రోజు అని ఒక్కొక్కటే రాసుకున్నాడు.

మంగళవారం పొద్దున వామన్‌రావు జీపు దిగి బావి పక్క నుంచి పోతున్నాడు. వెనుక ఇద్దరు కంపౌండర్లు, చేతిలో కాగితాల కట్ట. పెంటయ్య సలాం కొట్టి ఒక అడుగు ముందుకేశాడు. పెద్ద సాబు అడక్కుండా మాట్లాడటం అతని నౌకరీలో అదే మొదటిసారి.

"సాబ్, ఒక్క మాట. రోగం బావిల లేదు సాబ్. కింది నల్లాల ఉన్నట్టుంది."

వామన్‌రావు ఆగాడు. జవాన్ను కాదు, వాచీని చూశాడు.

"నల్లాలోనా? అవి గండిపేట చెరువు నుంచి శుభ్రం చేసి పంపే నీళ్లు. నువ్వెంతవరకు చదివినవ్?"

"మూడో జమాత్ సాబ్."

"అయితే లాఠీ పట్టుకుని నిలబడు. రోగం సంగతి నాకొదిలెయ్."

కంపౌండర్లు నవ్వారు. పెంటయ్య వెనక్కి జరిగాడు. పుస్తకం తీసి చూపిద్దామనుకున్న చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ లక్ష్మీకాంతమ్మ సంగతి చెప్పాలి. ఆమె డెబ్భై ఏళ్ల ముసలమ్మ. బావి ఎదురింట్లో ఒక్కతే ఉండేది. తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. ఇంట్లో సాలగ్రామం ఉంది, దానికి మడినీళ్లతో అభిషేకం కావాలి. నల్లాలో తోలు బిళ్ల ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు ఆమెకు మడికి పనికిరావు. దేవుడికి పొయ్యనివి తను తాగదు. బావి మూసిన శనివారం మధ్యాహ్నం నుంచి ఆమె నోట్లో చుక్క నీరు పోసుకోలేదు. సోమవారం పొద్దున గడప పట్టుకుని బయటికొచ్చింది. పెదాలు బీటలు వారి ఉన్నాయి.

"నాయనా పెంటయ్యా, ఒక్క చెంబు. దేవుడు రెండు దినాల నుంచి ఉపాసమున్నడు. ఆయన తాగకపోతే నేనెట్ల తాగుత?"

పెంటయ్య అటూ ఇటూ చూశాడు. హుకుం హుకుమే. కాని ఎదురుగా ఉన్నది చావబోతున్న మనిషి. పలక జరిపి, తనే చేంతాడు వదిలి, ఒక్క చెంబు నీళ్లు తోడి ఇచ్చాడు. తోలు తగలని నీళ్లు, ఆపదలో అవే మడి అనుకుంది ముసలమ్మ. రెండో రోజూ ఇచ్చాడు.

మూడో రోజు, అంటే బుధవారం, వామన్‌రావు చూశాడు.

పలక పక్కకు జరిగి ఉంది. చేంతాడు తడిగా ఉంది. ముసలమ్మ చెంబుతో గడప దాటుతోంది. ఆ పొద్దున్నే గల్లీలో ఇంకో మూడు చావులయ్యాయి. అందులో కాశమ్మ ఒకతె. అమీన్ సాబ్‌తో కలిసి ఆ శవాలను చూసే వస్తున్నాడు డాక్టరు. ఆయన గొంతు గల్లీ రెండు చివరలకూ వినిపించింది.

"నిన్నెందుకు నిలబెట్టిన ఇక్కడ? జనం గిట్ల చస్తుంటే నువ్వు బావి తెరిచి నీళ్లు పంచుతున్నవా? ఈ చావులు నీ వల్లనే! నీలాంటి జవాన్ల వల్లనే! అమీన్ సాబ్, ఇతని పేటీ తీయించండి. ఇప్పుడే, నా ముందట."

పెంటయ్య తనే బిళ్ల పేటీ విప్పాడు. లాఠీ, టోపీ, బీట్ పుస్తకం అన్నీ అమీన్ చేతిలో పెట్టాడు. గల్లీ మొత్తం వాకిళ్లలో నిలబడి చూసింది. "సాబ్, తప్పయింది. ముసలమ్మ చచ్చిపోతదని ఇచ్చిన" అన్నాడు. ఆ మాట వినడానికి డాక్టరు అక్కడ లేడు, అప్పటికే శిబిరం వైపు నడిచిపోతున్నాడు.

"ఘర్ జావ్ పెంటయ్యా. హుకుం వచ్చేదాకా ఇంటికాడ్నే ఉండు. ఫికర్ చెయ్యకు" అన్నాడు అమీన్ మెల్లగా.

ఫికర్ ఇంటికి చేరేలోపే మొదలైంది. బావి తెరిచి నీళ్లిచ్చిన జవానే చావులకు కారణమని డాక్టరే అన్నాక జనం ఇంకేం నమ్ముతారు? మర్నాడు పొద్దున బుచ్చమ్మ పాల క్యాన్లు నెత్తిన పెట్టుకుని పోతే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. "గత్తర జవాను ఇంటి పాలు మాకొద్దు" అని ఒకామె కిటికీలోంచే చెప్పింది. బుచ్చమ్మ ఇంటికొచ్చి పాలన్నీ మోరీలో పోసింది. ఏడవలేదు. ఆమె లొల్లి చేసి ఉంటే పెంటయ్యకు తేలికగా ఉండేది. అతను కొట్టంలో బర్రెల మధ్య కూర్చుని ఒకటే తలుచుకున్నాడు. మంగళవారం నాడు ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉంటే? పుస్తకం తీసి సాబు చేతిలో పెట్టి ఉంటే? కాశమ్మ ఉండేదేమో.

శుక్రవారం మధ్యాహ్నం లక్ష్మీకాంతమ్మ ఇల్లు దాటింది. గుడికి తప్ప ఎక్కడికీ పోని మనిషి, ఎండలో ఒక చేత్తో గోడ పట్టుకుంటూ బడిలోని శిబిరానికి వెళ్లింది. టీకా వేయించుకునే వరసను దాటి నేరుగా డాక్టరు బల్ల ముందు నిలబడింది.

"నా నాడి చూడు నాయనా."

వామన్‌రావు తలెత్తి చూశాడు. "ఏమైంది అమ్మా? వాంతులా?"

"ఏం కాలే. అదే చూడమంటున్న. శనివారం దాంక రోజూ ఆ బావి నీళ్లే తాగిన. సోమ, మంగళ, బుధ మళ్ల అవే తాగిన. నా పక్కింట్ల కింది నల్లా నీళ్లు తాగిన ఇద్దరు పోయిన్రు. నాకు డెబ్భై ఏండ్లు. బావిల గత్తరుంటే ముందు నేనే పోవాలె గద?"

"కాచి తాగినవా?"

"దేవుడికి కాచిన నీళ్లెట్ల పోస్త? చల్లటివే పోసిన. ఆ తీర్థమే పుచ్చుకున్న."

డాక్టరు కలం కింద పెట్టాడు. ముసలమ్మ కూర్చోలేదు, వదల్లేదు.

"ఆ పెంటయ్య నీకు చెప్పిండు కద, కింది నల్లా అని. నేను గడపల ఉండి విన్న. నువ్వు ఆయన సదువు అడిగినవు గని సంగతి అడగలే."

వామన్‌రావు లేచి, ముసలమ్మను కూర్చోబెట్టి, నడుచుకుంటూ నాకాకు పోయాడు. అమీన్ సాబ్ బల్ల సొరుగులోంచి బీట్ పుస్తకం తీసి ఇచ్చాడు. ఉర్దూ డాక్టరుకు బాగా వచ్చు. నిలబడే చదివాడు. ఫలానా ఇల్లు, కింది నల్లా, ఇద్దరు. ఫలానా ఇల్లు, కింది నల్లా, ఒకరు. సాయన్న ఇల్లు, మీది నల్లా, కాని రెండు రోజులు కింది నల్లా, ఒకరు. పదకొండు ఇళ్లు ఉన్నాయి. ఆ చివర, మంగళవారం తేదీ కింద, ఒక్క వరస వేరేగా ఉంది: "లక్ష్మీకాంతమ్మ, బావి నీళ్లు, నేను ఇచ్చినవి, మంచిగ ఉన్నది."

తన మెడకు తనే ఉరి బిగించుకునే మాట అది. హుకుం తప్పి నీళ్లిచ్చానని ఏ జవానూ సర్కారు పుస్తకంలో రాసుకోడు. పెంటయ్యకు అది దాచాలని తోచలేదు. చూసింది రాయాలి కాబట్టి రాశాడు.

వామన్‌రావు పుస్తకం మూసి, "నేను ఈ లెక్క వేయలేదు, అమీన్ సాబ్" అన్నాడు.

నీళ్ల పరీక్షకు సీసాలు పంపాడు కాని ఫలితం కోసం ఆగలేదు. ఆ సాయంత్రమే కింది నల్లాకు తాళం పడింది. శనివారం పొద్దున మనుషులను పెట్టి తవ్వించాడు. రెండు మూరల లోతులో సంగతి బయటపడింది. నెల కిందట మోరీ గోడ కట్టినప్పుడు ఎవరో గుత్తేదారు మనుషుల గడ్డపార దెబ్బకు గొట్టం అతుకు పగిలింది. నల్లా ఆగిన వేళల్లో మోరీ నీళ్లు ఆ పగులులోంచి గొట్టంలోకి జారుతున్నాయి. నల్లా వచ్చినప్పుడు అవే బిందెల్లో పడుతున్నాయి. వామన్‌రావు ఆ గుంత అంచునే మట్టిలో కూర్చుండిపోయాడు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఎందరు పడ్డారో, ఎందరు పోయారో ఆయనకు వేరెవరూ చెప్పనక్కర్లేదు. రాసింది ఆయనే.

ఇంతటితో నల్లా బాగుచేసి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనకపోయేవాళ్లు. జవాన్ను మళ్లీ పనిలోకి రమ్మని ఒక చీటీ పంపితే చాలు. సర్కారులో అంతకంటే ఎక్కువ ఎవరూ చేయరు, ఎవరూ ఆశించరు.

ఆదివారం పొద్దున అమీన్ సాబ్ స్వయంగా వచ్చి పెంటయ్యను పిలుచుకుపోయాడు. "వర్దీ వేసుకొని రా" అన్నాడు, అంతే. పెంటయ్య పేటీ లేని ఖాకీ బట్టలతో బావి దగ్గరికొచ్చేసరికి గల్లీ అంతా అక్కడే ఉంది. టీకాకని పిలిచి ఆపినట్టున్నారు. వామన్‌రావు బావి గట్టు పక్కన నిలబడి ఉన్నాడు. ఆ రోజు వాచీ చూసుకోలేదు.

"బుధవారం నాడు ఇక్కడ్నే, మీ అందరి ముందట, ఈ చావులు పెంటయ్య వల్ల అన్న" అని మొదలుపెట్టాడు. "అది అబద్ధం. రోగం బావిల లేదు, కింది నల్లాల ఉన్నది. ఆ మాట పెంటయ్య నాకు మంగళవారమే చెప్పిండు. నేను వినలే. హుకుం తప్పి నీళ్లిచ్చిండు, నిజమే, దానికి శిక్ష అయిపోయింది. మరి నా తప్పు? నేను విని ఉంటే మీ ఇండ్లల్ల కొందరు బతికి ఉండేటోళ్లు. ఆ మాట మీకు నేనే చెప్పాలె. పెంటయ్యా, నన్ను మాఫ్ చెయ్యి."

పదహారేళ్లలో ఒక పెద్ద సాబు నోటి నుంచి తన పేరు వినడం అదే మొదలు, అదీ అంతమంది ముందు, ఆ మాటతో. పెంటయ్యకు ఏం చేయాలో తోచక సలాం కొట్టాడు. డాక్టరు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. అమీన్ సాబ్ పేటీ, టోపీ, లాఠీ అందించాడు.

గుంపులో కాశమ్మ కొడుకు ఉన్నాడు. అతని వైపు చూసి పెంటయ్య కళ్లు దించుకున్నాడు. అతను దగ్గరికొచ్చి, "నువ్వు చెప్పినవంట గదా అన్నా. ఆ సంగతి మా అమ్మ చెవిన పడితే నీ మాట వినేది, నాకెరుకే" అని భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఏడ్చాడు పెంటయ్య.

అందరూ అంత తేలిగ్గా కరగలేదు. గుంపు విడిపోతుంటే బుచ్చమ్మ కొంగు నడుముకు చుట్టుకుని డాక్టరుకు ఎదురుగా వచ్చింది.

"సాబ్, తప్పన్నరు, మంచిగుంది. మరి నా పాల సంగతి ఏంది? నాలుగు దినాల సంది మోరీల పోస్తున్న. మీ ఒక్క మాటకు మా వాడకట్టు మొత్తం తలుపులేసింది. ఆ తలుపులెవరు తీయాలె?"

పెంటయ్య ఆమెను ఆపబోయాడు. వామన్‌రావు అడ్డు చెప్పాడు.

"నిజమే అమ్మా. ఒక గిలాస పాలిస్తవా? మీ ఇంటికాడ్నే తాగుత."

ఆయన నడిచి పెంటయ్య ఇంటికి పోయి, అరుగు మీద, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేటట్టు కూర్చున్నాడు. బుచ్చమ్మ పొయ్యి ముట్టించింది. చాలాసేపయినా గిలాస రాలేదు. "ఏందే, ఇంకా?" అన్నాడు పెంటయ్య కంగారుగా.

"మూడు పొంగులు రానియ్యి. కాగబెట్టి తాగాలని చెప్పింది ఆయనే గద!" అంది బుచ్చమ్మ లోపలి నుంచి, వీధికి వినబడేలా.

వామన్‌రావు నవ్వాడు. ఆ ఎండాకాలం ఆయన నవ్వు ఎవరైనా చూసింది అప్పుడే. పాలు తాగి, గిలాస అరుగు మీద పెట్టి, ఇంకో సగం అడిగాడు. సాయంత్రం పాలకు నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. వారం తిరిగేసరికి అన్నీ తెరుచుకున్నాయి. అప్పటికి కుమ్మరి గల్లీలో కొత్తగా ఎవరూ పడలేదు.

ఆ తర్వాత వామన్‌రావు నడత మారింది. బందోబస్తుకు నిలబడే ప్రతి జవానుకూ, వాళ్ల ఇంటివాళ్లకూ ముందు టీకా వేయించాడు. కాపలా ఉన్నచోటల్లా తడకలతో నీడ వేయించి, కాచిన నీళ్ల కుండ పెట్టించాడు. రోజూ సాయంత్రం నాకాకు వచ్చి జవాన్లను ఒక్కొక్కరినే పేరడిగి, ఆ రోజు ఏం చూశారో చెప్పించుకుని రాసుకునేవాడు. మొదట్లో వాళ్లు బిగుసుకుపోయి "ఏం లేదు సాబ్" అనేవాళ్లు. నాలుగు రోజులకు నోళ్లు విప్పారు. ఎక్కడ దొంగచాటుగా కుళ్లిన ఖర్బూజాలు అమ్ముతున్నారో, ఏ ఇంట్లో రోగిని దాచారో ఆయనకు ముందు తెలిసింది వాళ్ల వల్లనే.

ఎండాకాలం చివర ఆయన పైవాళ్లకు పంపాల్సిన రిపోర్టు రాశాడు. అందులో పెంటయ్య పేరు, అతను చెప్పిన తేదీ, తను వినని సంగతి అన్నీ పెట్టాడు. ఒక పై అధికారి పిలిపించి ఆ వరసలు కొట్టేయమన్నాడని, జవాను పేరు రిపోర్టులో ఎందుకన్నాడని అమీన్ సాబ్ ద్వారా తెలిసింది. డాక్టరు కొట్టేయలేదు. రెండు నెలలకు మహబూబ్‌నగర్ బదిలీ వచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు ఆఫీసులో. అమీన్ సాబ్ ఆ మాట నమ్మలేదు.

డాక్టరు రైలు బండెక్కే రోజు పెంటయ్య, బుచ్చమ్మ యాకుత్‌పురా స్టేషన్‌కు పోయారు. బుచ్చమ్మ చేతిలో పెరుగు ముంత. లక్ష్మీకాంతమ్మ కుంకుమ పొట్లం పంపింది. పెంటయ్య దారి పొడుగునా మనసులో కట్టుకున్న మాట ఒకటే, అదీ సగమే బయటికొచ్చింది.

"నా మూలాన మీకు గిట్లయింది సాబ్."

"నీ మూలాన కాలే. నా సంతకం మూలాన అయింది" అన్నాడు వామన్‌రావు. "నీ పేరు కొట్టేసి ఉంటే పట్నంలనే ఉండేటోణ్ణి. కాని నాకు నిద్ర పట్టేదా? చెప్పు."

"పట్టకపోతుండె సాబ్."

"మరింకేంది?"

బండి కదిలింది. పెంటయ్య చెయ్యెత్తితే, సలాం కొడతాడేమోనని డాక్టరు కిటికీలోంచి వేలు చూపించి వారించాడు. దాంతో ఆ చెయ్యి గాలిలో ఊరికే ఊగింది.

రెండేళ్ల తర్వాత సైదాబాద్ వైపు మళ్లీ నాలుగిళ్లలో గత్తర కనబడింది. అప్పటికి పెంటయ్య జవాన్ల మీద జమేదార్ అయ్యాడు. అక్కడికి వచ్చిన డాక్టర్ పద్మజ వయసులో అతనికంటే చాలా చిన్నది. మొదటి రోజు సాయంత్రమే జవాన్లందరినీ పిలిపించింది. కాపలావాళ్లు చూసింది రోజూ అడిగి రాసుకోవాలని ఆఫీసు కాగితంలో ఉందట. ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు, పెంటయ్య చెప్పలేదు. ఆమె కుర్చీ చూపిస్తే కాసేపు తటపటాయించాడు. తర్వాత కూర్చుని, నల్లాల దగ్గర్నుంచి మొదలుపెట్టి చూసిందంతా చెప్పాడు. ఆ నాలుగిళ్లతోనే అక్కడ రోగం ఆగింది.

వామన్‌రావు మహబూబ్‌నగర్‌లో మూడేళ్లున్నాడు. ఆ మూడేళ్లూ పెంటయ్య ఇంట్లో ఏ బర్రె ఈనినా బుచ్చమ్మ జున్ను వండేది. ఒక గిన్నె లక్ష్మీకాంతమ్మ గడప బయట పెట్టి వచ్చేది. ముసలమ్మ మడి విడిచాక తినేది. ఇంకో గిన్నెకు గుడ్డ కట్టి, డాక్టరుకిమ్మని పెంటయ్య యాకుత్‌పురా స్టేషన్‌లో తెలిసిన గార్డు చేతికిచ్చేవాడు. గిన్నె తిరుగు బండిలో వచ్చేసేది. ఒకసారి అందులో పల్లికాయ వచ్చింది, ఒకసారి సీతాఫలాలు.

"గిన్నె ఉత్తగ పంపరాదా ఏంది ఆయన?" అని విసుక్కునేది బుచ్చమ్మ, సీతాఫలం విప్పి సగం పెంటయ్య చేతిలో పెడుతూ.